'అభ్యర్థి' మాటను తప్పు లేకుండా వాడటం ఎలా: కరపత్రం నుంచి హాల్‌టికెట్ దాకా

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి వైపు నుంచి పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలకు ఇది జవాబు. సర్పంచ్ ఎన్నికకు కరపత్రం రాసేవాళ్లు, మండల వార్తలు పంపే విలేకరులు, గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లు అందరికీ చిక్కు ఒక్కచోటే వస్తోంది. అభ్యర్థి అనాలా, పోటీదారు అనాలా? దరఖాస్తుదారు, పరీక్షార్థి ఒకటేనా? ఆశావహులంటే ఎవరు?

ఇవన్నీ పర్యాయపదాల్లాగే కనిపిస్తాయి. కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాస్తవమే మారిపోతుంది. టికెట్ రాని నాయకుణ్ని అభ్యర్థి అని రాస్తే అది తప్పుడు వార్త. దరఖాస్తు చేసిన వాళ్ల లెక్కను పరీక్ష రాసిన వాళ్ల లెక్కగా చెబితే పోటీ ఎంత ఉందో తప్పుగా అర్థమవుతుంది. మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు చూసుకోవాలి, మాట ఆ తర్వాత.

## 1. రాయడానికి ముందు

మూడు విషయాలు తేల్చుకోండి.

- రంగం ఏది? ఓట్లా, ఉద్యోగ పరీక్షా, బడి పరీక్షా?
- ఆ మనిషి ఈరోజుకు ఏ దశలో ఉన్నాడు? నిన్నటి మాట ఈరోజు చెల్లకపోవచ్చు.
- చదివేది ఎవరు? అధికారా, పత్రిక పాఠకుడా, ఊళ్లో ఓటరా?

పక్కన ఒక అసలు కాగితం పెట్టుకోండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకైతే పోటీలో ఉన్నవారి తుది జాబితా, అంటే ఫారం 7ఏ. ఉద్యోగ పరీక్షకైతే నోటిఫికేషన్. ఎవరిని ఏమని పిలవాలో అందులోనే ఉంటుంది.

## 2. అక్షరాలు సరిచూసుకోండి

సరైన రూపం: అభ్యర్థి.

కనిపించే తప్పులు: అభ్యర్ధి, అభ్యర్ది, అబ్యర్థి, అభ్యర్తి.

మాటను విడదీస్తే తప్పు రాదు. అభి + అర్థి = అభ్యర్థి. ఇది యణాదేశ సంధి. 'ఇ' తర్వాత వేరే అచ్చు వచ్చింది కాబట్టి 'య' వచ్చింది. ప్రతి + అర్థి = ప్రత్యర్థి కూడా ఇలాగే. అర్థి అంటే కోరేవాడు. విద్యార్థి, శరణార్థి, పరీక్షార్థి అన్నింటిలో ఉన్నది ఆ అర్థే.

అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం లేదా ప్రయోజనం. 'అభ్యర్ధి'లో ఉన్నది సగం తాలూకు అక్షరం. 'థ'లో నడిమిట్ల చుక్క ఉంటుంది, 'ధ'లో ఉండదు. ఒత్తుగా రాసినప్పుడు ఆ చుక్క చిన్నదైపోతుంది. ఫ్లెక్సీ ప్రూఫు ఫోన్‌లో చూస్తే అసలే కనిపించదు. అందుకే ప్రూఫును పెద్దది చేసి ఆ ఒక్క ఒత్తును విడిగా చూడండి. నాలుగు మీటర్ల గుడ్డ మీద పడ్డాక దిద్దుకునే వీలుండదు.

టైపు చేసేటప్పుడు వరుస: అ, భ, పొల్లు, య, ర, పొల్లు, థ, గుడి. ఫోన్ కీబోర్డు చూపించే మొదటి సూచనను అలాగే తీసుకోకండి.

పీడీఎఫ్ జాబితాల్లో వెతికేటప్పుడు మాత్రం 'అభ్యర్థి', 'అభ్యర్ధి' రెండూ కొట్టి చూడండి. చాలా పాత ఫైళ్లలో తప్పు రూపమే ఉంటుంది.

## 3. బహువచనం, విభక్తి, సంఖ్య

ఏకవచనం: అభ్యర్థి, అభ్యర్థిని, అభ్యర్థికి, అభ్యర్థితో, అభ్యర్థి యొక్క గుర్తు అనకుండా అభ్యర్థి గుర్తు.

బహువచనం: అభ్యర్థులు, అభ్యర్థులను, అభ్యర్థులకు, అభ్యర్థుల.

'అభ్యర్థిలు' అనే రూపం లేదు. 'అభ్యర్థికు' కూడా లేదు.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు అంకె పక్కన నేరుగా నామవాచకం పెట్టకండి. '12 అభ్యర్థులు' కాదు, '12 మంది అభ్యర్థులు'. ఏడు వరకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది నుంచి 'మంది'.

భావవాచకం కావాలంటే అభ్యర్థిత్వం. 'ఆయన అభ్యర్థిత్వాన్ని ఖరారు చేశారు', 'తప్పుడు ధ్రువపత్రం ఇస్తే అభ్యర్థిత్వం రద్దవుతుంది' అన్నవి సరైన వాడుకలు. అభ్యర్థన వేరు. దాని అర్థం వినతి. 'అభ్యర్థన ఖరారైంది' అని రాస్తే ఆయన పెట్టుకున్న వినతి ఖరారైందని అర్థం.

## 4. 'అభ్యర్థిని' దగ్గర ఆగండి

ఇక్కడ ఆరితేరిన వాళ్లు కూడా జారుతారు. అభ్యర్థిని అనే రూపానికి రెండు పనులున్నాయి. ఒకటి ద్వితీయా విభక్తి: 'అభ్యర్థిని గెలిపించండి'. రెండోది స్త్రీలింగం: విద్యార్థిని లాగా అభ్యర్థిని.

ఈ వాక్యం చూడండి: 'దేవరకొండకు పార్టీ అభ్యర్థిని ప్రకటించింది.' పార్టీ ఒక పేరును ప్రకటించిందా? పార్టీ తరఫు మహిళ ఏదైనా ప్రకటన చేసిందా? రెండు అర్థాలూ వస్తాయి. 'ప్రకటించింది' అన్న క్రియ పార్టీకీ సరిపోతుంది, స్త్రీకీ సరిపోతుంది కాబట్టి క్రియ చూసి కూడా తేల్చలేం.

సరిచేసే దారి ఇది. స్త్రీ అని చెప్పాల్సి వస్తే 'మహిళా అభ్యర్థి' అనండి. 'అభ్యర్థిని' రూపాన్ని విభక్తికి మాత్రమే వదిలేయండి. లేకపోతే స్త్రీలింగ రూపానికి విభక్తి చేర్చినప్పుడు 'అభ్యర్థినిని' అని రాయాల్సి వస్తుంది. అది నోటికీ తిరగదు, కంటికీ ఆనదు.

ఆడ, మగ ప్రస్తావన అవసరం లేని చోట అసలు తేవద్దు. తెలుగులో దానికి సులువైన దారి ఉంది. క్రియ చివర 'ఆలి', 'కూడదు', 'వచ్చు' వస్తే దానికి లింగం ఉండదు. 'తన' అన్న సర్వనామానికీ ఉండదు. 'అభ్యర్థి తన హాల్‌టికెట్ వెంట తెచ్చుకోవాలి' అంటే అందరికీ సరిపోయింది. 'అతడు/ఆమె' అని గీత పెట్టి రాసే పని లేదు.

పేరు రాసి చెప్పేటప్పుడు గౌరవ బహువచనం వాడండి: 'అభ్యర్థి ప్రచారం ప్రారంభించారు'. ఒకే వార్తలో పురుషుడికి 'అన్నారు', మహిళకు 'అన్నది' అని మాత్రం రాయకండి.

## 5. ఎన్నికల్లో మెట్టు మెట్టుకూ మాట

మొదటి మెట్టు: టికెట్ కోసం తిరిగేవాళ్లు. వీళ్లు ఆశావహులు. 'టికెట్ ఆశిస్తున్నవారు' అంటే ఇంకా సూటిగా ఉంటుంది. వీళ్లను అభ్యర్థులనకండి. ఔత్సాహికులు అని కూడా అనకండి, ఆ మాటకు ఉత్సాహం ఉన్నవాళ్లనే అర్థం. ఒక జాగ్రత్త: 'ఆశావహ' విశేషణంగా వచ్చినప్పుడు ఆశ కలిగించేదని అర్థం మారుతుంది. 'ఆశావహ అభ్యర్థి' అంటే రెండూ కాకుండా పోతుంది.

రెండో మెట్టు: పార్టీ పేరు ప్రకటించాక. 'ఫలానా పార్టీ అభ్యర్థి' అని రాయవచ్చు. బీ ఫారం, అంటే 'ఈయనే మా అభ్యర్థి' అని పార్టీ ఇచ్చే పత్రం, ఇంకా అందకపోతే 'పార్టీ ప్రకటించిన అభ్యర్థి' అనడం క్షేమం. చివరి గంటలో బీ ఫారం చేతులు మారడం మనకు కొత్త కాదు.

మూడో మెట్టు: నామినేషన్ వేశాక. లెక్క తప్పేది ఇక్కడే. ఒక వ్యక్తి ఒక నియోజకవర్గంలో గరిష్ఠంగా నాలుగు సెట్ల నామినేషన్ పత్రాలు వేయవచ్చు. '60 నామినేషన్లు వచ్చాయి' అంటే 60 మంది అభ్యర్థులని కాదు. 'ఇంతమంది ఇన్ని సెట్లు దాఖలు చేశారు' అని రెండు అంకెలూ ఇవ్వండి.

నాలుగో మెట్టు: పరిశీలన. తిరస్కరించేది నామినేషన్‌ను, మనిషిని కాదు. 'అభ్యర్థిని తిరస్కరించారు' అంటే ఓటర్లు ఓడించారన్న భావం వస్తుంది. 'ఆయన నామినేషన్‌ను తిరస్కరించారు' అని రాయండి.

ఐదో మెట్టు: ఉపసంహరణ గడువు ముగిశాక. మిగిలినవాళ్లు 'బరిలో ఉన్న అభ్యర్థులు' లేదా 'పోటీలో ఉన్న అభ్యర్థులు'. 'పోటీదారు' అనే మాట సరిగ్గా కుదిరేది ఈ మెట్టు నుంచే. గడువు దాటాక ఎవరైనా 'నేను తప్పుకుంటున్నా, ఫలానా ఆయనకు మద్దతిస్తున్నా' అని చెప్పినా బ్యాలెట్ మీద పేరు ఉంటుంది. కాబట్టి అతను చట్టం ప్రకారం అభ్యర్థే. 'మద్దతు ప్రకటించిన స్వతంత్ర అభ్యర్థి' అని రాయండి, 'మాజీ అభ్యర్థి' అని కాదు.

ఆరో మెట్టు: ఫలితం. గెలిచినవారు 'గెలుపొందిన అభ్యర్థి' లేదా 'ఎన్నికైన అభ్యర్థి'. ధ్రువపత్రం అందుకున్నాక ఎమ్మెల్యే, ఎంపీ, సర్పంచ్ అనే రాయండి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే 'డిపాజిట్ కోల్పోయిన అభ్యర్థి'. 'డిపాజిట్ గల్లంతు' అన్నది పత్రికల వాడుక, తప్పు కాదు.

నోటాను అభ్యర్థుల లెక్కలో కలపకండి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో బరిలో ఉన్నది 47 మంది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌పై 16 మీటలుంటాయి. నోటాతో కలిపితే 48, అంటే సరిగ్గా మూడు యూనిట్లు. మీటలు 48, అభ్యర్థులు 47.

### విశేషణాలు పెట్టేటప్పుడు

స్వతంత్ర అభ్యర్థి, రెబెల్ అభ్యర్థి ఒకటి కావు. రెబెల్ అనేది రాజకీయ వర్ణన. బ్యాలెట్ మీద అతను స్వతంత్రుడే, లేదా వేరే పార్టీ మనిషే. మొదటిసారి రాసినప్పుడు రెండూ చెప్పండి.

డమ్మీ అభ్యర్థి అంటే అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే ఆదుకోవడానికి పార్టీ అదనంగా వేయించిన మనిషి. ఈ మాటను అటూఇటూ విసరకండి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. వారిలో ఎక్కువ మంది ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినిపించాలని నామినేషన్ వేసినవాళ్లు. వాళ్లను డమ్మీలంటే అబద్ధమవుతుంది, అన్యాయం కూడా. 'నిరసనగా నిలిచిన స్వతంత్ర అభ్యర్థులు' అన్నదే సరైన వర్ణన.

ప్రత్యర్థి అభ్యర్థికి పర్యాయపదం కాదు. ఎవరికి ప్రత్యర్థో చెప్పకపోతే వాక్యం నిలవదు. 'ఆయన సమీప ప్రత్యర్థి' అంటే రెండో స్థానంలో వచ్చినవారని అర్థం.

మన దగ్గర మాత్రమే వచ్చే చిక్కు ఇంకొకటుంది, 'ఉమ్మడి'. 'ఉమ్మడి నల్లగొండ అభ్యర్థులు' అంటే పాత జిల్లాలోని అభ్యర్థులా, పార్టీలు కలిసి నిలబెట్టినవాళ్లా? మొదటిదైతే 'ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని అభ్యర్థులు', రెండోదైతే 'పార్టీల ఉమ్మడి అభ్యర్థి' అని విప్పి రాయండి.

### సర్పంచ్ ఎన్నికలకు ప్రత్యేకం

తెలంగాణలో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. 'ఫలానా పార్టీ సర్పంచ్ అభ్యర్థి' అన్నది నోటిమాటగా చెల్లుతుంది గానీ రాతలో తప్పు. 'ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి' అనాలి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరుగుతాయి, అక్కడ 'పార్టీ అభ్యర్థి' సరైనదే.

## 6. పరీక్షల్లో మెట్టు మెట్టుకూ మాట

- ఫీజు కట్టి ఫారం నింపినవారు: దరఖాస్తుదారులు
- హాల్‌టికెట్ తీసుకున్నవారు: అభ్యర్థులు
- హాలులో కూర్చుని రాసినవారు: హాజరైన అభ్యర్థులు, లేదా పరీక్షార్థులు
- రానివారు: గైర్హాజరైన అభ్యర్థులు
- కనీస మార్కులు వచ్చినవారు: అర్హత సాధించిన అభ్యర్థులు
- ధ్రువపత్రాల పరిశీలనకు పిలుపు వచ్చినవారు: పరిశీలనకు ఎంపికైన అభ్యర్థులు
- తుది జాబితాలో ఉన్నవారు: ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థులు
- నియామక పత్రం అందుకుని చేరినవారు: ఉద్యోగులు

ఎక్కువగా కలిసిపోయేవి ఐదోది, ఏడోది. అర్హత సాధించడం వేరు, ఎంపిక కావడం వేరు. 'క్వాలిఫై అయ్యాడు' అన్న కబురుకు ఊళ్లో 'ఉద్యోగం వచ్చింది' అని ఫ్లెక్సీ కట్టిస్తే ఆ పిల్లవాడు తర్వాత తలెత్తుకోలేడు. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు చదివేటప్పుడూ ఈ రెండు మాటలను వేరుచేసి చూడండి.

బడి పరీక్షలకు అభ్యర్థి బరువైన మాట. పదో తరగతి, ఇంటర్ రాసేవాళ్లు విద్యార్థులు. తప్పి మళ్లీ బయటి నుంచి కట్టినవాళ్లను మాత్రం 'ప్రైవేటు అభ్యర్థులు' అంటారు, అది స్థిరపడిన వాడుక.

ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాస్తే ఆ రెండోవాడు అభ్యర్థే కాదు. 'అభ్యర్థి బదులు పరీక్ష రాసిన వ్యక్తి' అని విప్పి చెప్పండి.

## 7. ఎన్నిక, ఎంపిక: పరీక్ష ఇదీ

ఓట్లతో వచ్చేది ఎన్నిక. ఎవరో పరిశీలించి తీసుకునేది ఎంపిక.

తప్పు: సర్పంచ్‌గా ఎంపికయ్యారు. ఒప్పు: సర్పంచ్‌గా ఎన్నికయ్యారు.

తప్పు: గ్రూప్-2 ఉద్యోగానికి ఎన్నికైంది. ఒప్పు: గ్రూప్-2 ఉద్యోగానికి ఎంపికైంది.

'పార్టీ అభ్యర్థిగా ఎంపికయ్యారు' సరైనదే, అక్కడ తీసుకున్నది పార్టీ. ఒక్క నామినేషనే మిగిలి పోలింగ్ జరగకపోయినా 'ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు' అనే రాయాలి.

'ఎంపిక చేయబడిన అభ్యర్థులు' అని సాగదీయకండి. 'ఎంపికైన అభ్యర్థులు' చాలు.

## 8. 'స్థానిక అభ్యర్థి' ఒక మాట, రెండు అర్థాలు

ఓట్లప్పుడు స్థానిక అభ్యర్థి అంటే మన దిక్కు మనిషి. అది ప్రచారపు మాట, దానికి చట్టపరమైన కొలత లేదు. అసెంబ్లీకి రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా పోటీ చేయవచ్చు. సర్పంచ్‌కు అదే పంచాయతీలో ఓటుండాలి, కాబట్టి అక్కడ ఈ విశేషణం ఓటరుకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఉద్యోగ నోటిఫికేషన్‌లో అదే మాట కచ్చితమైన హోదా. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానిక అభ్యర్థులకే. దాన్ని తేల్చేటప్పుడు ముఖ్యంగా ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటును చూస్తారు. ఇప్పుడు ఇల్లు ఎక్కడుందన్నది కాదు. నల్లగొండ యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. జడ్చర్లలో చదివి నల్లగొండలో కాపురం పెట్టినవారు జోన్ స్థాయి పోస్టుకు నల్లగొండ వైపు స్థానికులమని రాసుకుంటే, ధ్రువపత్రాల పరిశీలనలో దెబ్బతింటారు.

దీనికి వ్యతిరేకం 'స్థానికేతర అభ్యర్థి'. ఈ జంటను ఓట్ల వార్తల్లో కాకుండా ఉద్యోగ వార్తల్లో వాడండి. ఓట్ల వార్తల్లో 'వేరే నియోజకవర్గానికి చెందిన అభ్యర్థి' అంటే ఎవరి పక్షమూ వహించినట్టు ఉండదు.

## 9. మైకులో, ఇంటింటి ప్రచారంలో

రాతలో అభ్యర్థి. నోట 'నిలబడ్డాయన', 'నిలవడ్డామె'. 'మన వార్డుకు ఎవలు నిలవడ్డరు?' అని అడిగేవాళ్ల దగ్గరికి పోయి 'అభ్యర్థిత్వం' అంటే మాట దిగదు. 'పరీక్ష రాసెటోళ్లు', 'పోటీల ఉన్నోళ్లు' అన్నవి చక్కటి తెలుగు. ఆటోకు కట్టే మైకు రికార్డింగులో వీటినే వాడండి. ఉర్దూ మాట్లాడే వీధుల్లో 'ఉమ్మీద్‌వార్' అంటే వెంటనే తెలుస్తుంది.

కరపత్రంలో వచ్చే ఇబ్బంది ఇంకొకటి. 'మీ అభ్యర్థిగా అభ్యర్థిస్తున్నాను' అని ఒకే మూలం రెండుసార్లు వస్తుంది. రెండోదాన్ని 'కోరుతున్నాను' చేయండి. కరపత్రం అడుగున ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

## 10. అచ్చుకు పంపే ముందు

- 'థ' ఒత్తులో చుక్క ఉందా?
- అంకె తర్వాత 'మంది' ఉందా?
- 'అభ్యర్థిని' ఎక్కడైనా రెండర్థాలు ఇస్తోందా?
- ఆశావహులను, దరఖాస్తుదారులను అభ్యర్థుల్లో కలిపేశారా?
- నామినేషన్ సెట్లను మనుషులుగా లెక్కపెట్టారా?
- ఓటుకు ఎన్నిక, ఉద్యోగానికి ఎంపిక అని ఉందా?
- సర్పంచ్ వార్తలో 'బలపరిచిన' ఉందా?

ఒక ముసాయిదాను దిద్ది చూద్దాం.

ముందు: 'మా మండలంలో మూడు పంచాయతీలకు 14 అభ్యర్ధులు నామినేషన్లు వేయగా ఇద్దరు అభ్యర్థులను తిరస్కరించారు. ఒకచోట పార్టీ అభ్యర్థిని ఏకగ్రీవంగా ఎంపికయ్యారు.'

ఇందులో దిద్దాల్సినవి: ఒత్తు తప్పు, 'మంది' లేకపోవడం, నామినేషన్ బదులు మనుషులను తిరస్కరించడం, 'బలపరిచిన' లేకపోవడం, 'అభ్యర్థిని' గందరగోళం, ఎన్నిక చోట ఎంపిక. 14 అన్నది మనుషుల లెక్కో, పత్రాల లెక్కో రిటర్నింగ్ అధికారి జాబితాలో చూసి తేల్చుకున్నాకే రాయాలి. ఇక్కడ మనుషులేనని తేలిందనుకుందాం.

తర్వాత: 'మా మండలంలో మూడు పంచాయతీల సర్పంచ్ స్థానాలకు 14 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో ఇద్దరి నామినేషన్లను తిరస్కరించారు. ఉపసంహరణ గడువు ముగిశాక ఒకచోట పార్టీ బలపరిచిన మహిళా అభ్యర్థి ఒక్కరే మిగలడంతో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.'